రిసార్టు గడప తొక్కకుండా మాల్దీవుల్లో వారం రోజులు: ఊరి దీవిలో ఉండదలచిన వారికి

మీ ప్రశ్నలో మూడు విషయాలు కలిసి ఉన్నాయి. ఇద్దరు మనుషులు వారం రోజుల పాటు మాల్దీవుల్లో, రిసార్టు జోలికి వెళ్లకుండా, అక్కడి జనం కాపురముండే దీవిలోనే ఉండవచ్చా అన్నది మొదటిది. అలా ఉంటే చివరికి చేతి నుంచి ఎంత పోతుందన్నది రెండోది. మన రాక వల్ల ఆ ఊరికి నిజంగా మేలు జరుగుతుందా, లేక వారి బతుకుకు అడ్డం వచ్చినట్టవుతుందా అన్నది మూడోది. నేను 6 ఏళ్లు ఆరి అటోలులోని ఒక చిన్న దీవిలో బడిపంతులుగా పనిచేశాను. అటోలు అంటే వలయంలా ఉండే పగడపు దిబ్బ మీది దీవుల గుంపు. నేను చేరిన రోజుల్లో ఆ దీవిలో పరాయివాడు ఉండటానికి ఒక్క అద్దెగది కూడా లేదు. వచ్చేసే నాటికి నా విద్యార్థుల ఇళ్లలోనే మూడు అతిథిగృహాలు వెలిశాయి. ఆ మార్పును లోపలి నుంచి చూసినవాడిగా ఈ సమాధానం రాస్తున్నాను.

ముందుగా అసలు మాట చెబుతాను. ఊరి దీవిలో మీ ఖర్చును తేల్చేది గది అద్దె కాదు, పడవ. ఊరివాళ్లు ఎక్కే పడవ ఎక్కి, ఊరివాళ్లు తినే తిండి తిని, ఊరివాళ్ల వేళలకు ఎంత ఒదిగితే ఖర్చు అంత తగ్గుతుంది. మీరు పెట్టే డబ్బు కూడా అంత ఎక్కువగా ఆ ఊళ్లోనే నిలుస్తుంది. మీ మూడు ప్రశ్నలకూ జవాబు ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

మాల్దీవుల్లో సుమారు 1,190 దీవులుంటే, వాటిలో జనావాసం ఉన్నవి 180కి పైచిలుకు మాత్రమే. 1972లో తొలి రిసార్టు మొదలైనప్పటి నుంచి ప్రభుత్వం పాటించిన పద్ధతి, మనుషులు లేని ఒక దీవిని ఎంచుకొని ఆ దీవి మొత్తాన్నీ ఒకే రిసార్టుకు కౌలుకివ్వడం. 1980ల నుంచి పాతికేళ్ల పాటు విదేశీ యాత్రికులు ఊరి దీవుల్లో రాత్రి బస చేయడానికి వీలు లేకుండా పోయింది. యాత్రికుల వల్ల ఇస్లామిక్ జీవన పద్ధతికి భంగం కలుగుతుందన్న ఆందోళన అందుకు ఒక కారణం. ఫలితంగా ఎదురుగా కనిపించే రిసార్టు దీవిలో రాత్రికి వేల డాలర్లు చేతులు మారుతుంటే, పక్క దీవిలోని జాలరి కుటుంబానికి అందులో దక్కేది రిసార్టులో పనిచేసే కొడుకు పంపే జీతం మాత్రమే అయ్యేది. 2008 ఎన్నికల తరువాత వచ్చిన ప్రభుత్వం 2009, 2010 ప్రాంతాల్లో నిబంధనలు మార్చి, ఊరి దీవుల్లో అతిథిగృహాలకు అనుమతినిచ్చింది. మాలేకు దక్షిణాన ఉన్న మాఫుషి దీవి ఆ అవకాశాన్ని తొలి రోజుల్లోనే అందిపుచ్చుకుంది. ఈనాడు దేశం మొత్తం మీద వందల కొద్దీ అతిథిగృహాలున్నాయి. కనుక మీ మొదటి ప్రశ్నకు సమాధానం, నిరభ్యంతరంగా ఉండవచ్చు. ముందస్తు వీసా అవసరం లేదు, దిగినప్పుడు ఉచితంగానే ఇస్తారు. ప్రయాణానికి ముందు 96 గంటల లోపు ఇమూగా అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ప్రయాణికుల ప్రకటన నింపాలి. వచ్చేటప్పుడు ఒకసారి, తిరిగి వెళ్లేటప్పుడు ఒకసారి నింపాల్సిన ఈ పత్రానికి రుసుమేమీ ఉండదు. దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్లు కనిపిస్తే వాటి దరిదాపులకు పోవద్దు.

ఇక పడవల సంగతి. విమానాశ్రయం ఉన్న హుల్హులే, రాజధాని మాలే, కొత్తగా కట్టిన హుల్హుమాలే 2018లో పూర్తయిన వంతెనతో కలిసిపోయాయి కాబట్టి అక్కడి వరకు బస్సు చాలు. అక్కడి నుంచి దీవులకు రెండు రకాల ప్రయాణాలున్నాయి. ఒకటి ప్రభుత్వ ఫెర్రీ. ఇది చాలా దారుల్లో పెద్ద ధోనీయే. ధోనీ అంటే అక్కడి సంప్రదాయ పడవ, మన దోనెకు దగ్గరి చుట్టం లాంటి మాట. మాలే నుంచి సుమారు 27 కిలోమీటర్ల దూరంలోని మాఫుషికి ఇందులో గంటన్నర పడుతుంది, ఛార్జీ రెండు మూడు డాలర్లకు మించదు. రెండోది ప్రైవేటు స్పీడ్‌బోటు. మాఫుషికి అరగంటలో చేరుస్తుంది గానీ ఒక్కొక్కరికి 20 నుంచి 25 డాలర్లు తీసుకుంటారు. దక్షిణ ఆరి అటోలు వంటి దూరప్రాంతాలకైతే ఒక వైపుకే మనిషికి 40 నుంచి 60 డాలర్ల దాకా ఉంటుంది. ఇద్దరికి రాకపోకలు లెక్కవేస్తే 200 డాలర్లు పడవకే పోతాయి. ఆ డబ్బుతో సాధారణమైన గదిలో నాలుగు రాత్రులు ఉండవచ్చు.

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. వారం రోజుల్లో నాలుగు దీవులు చూడాలని పట్టిక వేసుకుంటారు. పడవలు ఎక్కువ భాగం మాలే నుంచి బయలుదేరి మాలేకే తిరిగి వస్తాయి. ఒక అటోలు నుంచి ఇంకో అటోలుకు నేరుగా పోయే మార్గాలు తక్కువ, అందుకే దీవి మారిన ప్రతిసారీ దాదాపు ఒక పగలూ, రెండు పడవల ఛార్జీలూ ఖర్చవుతాయి. నా సలహా ఒకే దీవి. మహా అయితే ఒకే అటోలులో పక్కపక్కనున్న రెండు. మూడో రోజు దాటాకే ఊరివాళ్లు మిమ్మల్ని పేరుతో పిలవడం మొదలవుతుంది, ఆ తరువాతే డబ్బిచ్చినా దొరకనివి దొరుకుతాయి.

రోజుల లెక్కలో శుక్రవారాన్ని మరిచిపోకండి. ఆ రోజు ప్రభుత్వ ఫెర్రీలు చాలా దారుల్లో తిరగవు. మిగతా రోజుల్లో కూడా దూరపు అటోళ్లకు వారంలో కొన్ని నిర్దిష్ట దినాల్లోనే ఫెర్రీ ఉంటుంది. నన్ను చూడటానికి వచ్చిన ఒక మిత్ర దంపతులు గురువారం రాత్రి విమానం దిగారు. నేను ముందుగా హెచ్చరించలేదు. శుక్రవారమంతా మాలేలో ఇరుకు గదికి దీవిలోని గది కంటే ఎక్కువ అద్దె కట్టి, శనివారం ఉదయం వచ్చారు. తిరుగు ప్రయాణానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. విమానానికి ముందు రోజే మాలే చేరుకోవడం మంచిది, ఎందుకంటే గాలి ఎక్కువైతే పడవ ఆగిపోతుంది, విమానం ఆగదు.

ఖర్చు విషయంలో గది అద్దె కంటే దాని మీద పడే పన్నులు ఎక్కువమందిని తికమక పెడతాయి. ఊరి దీవిలో శుభ్రమైన, ఏసీ ఉన్న గది ఇద్దరికీ కలిపి సాధారణంగా రోజుకు 40 నుంచి 80 డాలర్ల మధ్య దొరుకుతుంది. 50 డాలర్ల గదిలో 6 రాత్రులు అనుకుందాం. అద్దె 300. దాని మీద ఆనవాయితీగా వేసే 10 శాతం సేవా రుసుముతో 330 అవుతుంది. ఆ మొత్తం మీద పర్యాటక జీఎస్టీ పడుతుంది. అది 2025 జూలై 1 నుంచి 17 శాతం, కనుక ఇంకో 56 డాలర్లు. దీనికి తోడు హరిత పన్ను. 50 గదుల లోపు అతిథిగృహాల్లో ఉండేవారు 2025 జనవరి నుంచి మనిషికి రాత్రికి 6 డాలర్లు చెల్లించాలి. రెండేళ్ల లోపు పసిపిల్లలకు ఇది ఉండదు. ఇద్దరికి 6 రాత్రులకు 72. అంటే 300 అని కనిపించిన బిల్లు చివరికి 458 డాలర్లకు చేరుతుంది. ఇందులో మోసమేమీ లేదు, చట్టమే అలా ఉంది. అయితే కొన్ని బుకింగ్ వెబ్‌సైట్లు మొదట పన్నులు లేని ధరను పెద్దక్షరాల్లో చూపి, హరిత పన్నును దీవిలో దిగాక కట్టమంటాయి. అన్ని పన్నులూ కలిపి మొత్తం ఎంతో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. భోజనం, ఒకటి రెండు సముద్ర విహారాలు, పడవలు అన్నీ కలుపుకుంటే విమానం టికెట్ కాక ఇద్దరికీ వారానికి 900 నుంచి 1,200 డాలర్లలో సౌకర్యంగా గడుస్తుంది. ఫెర్రీలో వెళ్లి, ఊరి హోటల్లో తింటే ఇంకా తగ్గుతుంది. అక్కడి డబ్బు రుఫియా, అందులో నూరో వంతు లారీ. డాలరుకు 15 రుఫియాల 42 లారీలు అధికారిక రేటు. దుకాణాల్లో, టీ హోటళ్లలో రుఫియాల్లో చెల్లించడమే మేలు. కానీ దేశం దాటితే ఆ నోట్లు మారవు, అవసరమైనంతే మార్చుకోండి.

ఏ దీవి అన్న ప్రశ్నకు నా ఇష్టాయిష్టాలు దాచుకోను. మాఫుషి చేరుకోవడం తేలిక, ధరలు కూడా పోటీ మీద తక్కువగా ఉంటాయి. అయితే అక్కడ హోటళ్లు బహుళ అంతస్తులకు పెరిగి, ఊరికంటే బజారే ఎక్కువగా కనిపిస్తుంది. మీరు కోరుకున్నది జనం మధ్య ఉండటం కనుక దానిని మొదటి రాత్రికి మాత్రమే సిఫారసు చేస్తాను. ఉత్తర ఆరిలోని తొడ్డూ వ్యవసాయానికి పేరున్న దీవి. పుచ్చకాయ, బొప్పాయి తోటల మధ్య సైకిలు మీద తిరుగుతుంటే సముద్రం మధ్యలో ఉన్నామన్న సంగతే మరుపుకొస్తుంది. ఉకుల్హాస్ వీధుల శుభ్రతకు, చెత్త నిర్వహణకు దేశమంతటా ప్రసిద్ధి. దక్షిణ ఆరిలోని దిగురా సన్నగా, పొడవుగా మూడు కిలోమీటర్లు సాగిన దీవి. దాని సమీప జలాల్లో తిమింగల సొరచేపలు ఏడాది పొడవునా కనిపిస్తాయి. బా అటోలు 2011లో యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతమైంది. అక్కడి ధరవందూలో ఉంటే హనిఫారు అఖాతంలో మాంటా అనే పెద్ద చదునైన చేపల గుంపులను చూడవచ్చు. వాటి కాలం సుమారు జూన్ నుంచి నవంబరు దాకా. సుదూర దక్షిణాన ఉన్న ఫువహ్ములా పులి సొరచేపల డైవింగుకు పేరుపొందింది గానీ, దేశీయ విమానం ఖర్చు కలిసేసరికి తక్కువ బడ్జెట్‌కు సరిపడదు.

వాతావరణం గురించి చెప్పేటప్పుడు ఒక విషయం రాయకుండా ఉండలేను. అక్కడి జాలరులు సంవత్సరాన్ని 27 నకయ్‌లుగా విభజిస్తారు. ఒక్కో నకయ్ 13 లేదా 14 రోజులు. వాటి పేర్లు అస్సిద, బురును, కేతి, రోఅను, మియహెలి, అద అని సాగుతాయి. రేవులో ఒక పెద్దాయన ఈ వరుస చెబుతుంటే, అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర, ఆర్ద్ర అని మన కార్తెలు నా నోట వాటంతటవే వచ్చాయి. ఆయన పడవ తాడు వదిలేసి నా పక్కన కూర్చుని, మొత్తం 27 పూర్తయ్యే దాకా పోల్చి చూశాడు. ఇరువై అనే ఈశాన్య రుతువు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఉంటుంది, అప్పుడు సముద్రం నిలకడగా ఉంటుంది, ధరలు ఎక్కువ. హుల్హంగు అనే నైరుతి రుతువులో వానలు, గాలులు ఉన్నా రోజంతా ముసురు పట్టడం తక్కువ, గదుల ధరలు బాగా దిగుతాయి. బడ్జెట్ ముఖ్యమైతే, సముద్ర ప్రయాణం పడనివారు కాకపోతే, మే నుంచి నవంబరు మధ్య వెళ్లడానికి వెనకాడనక్కర్లేదు.

తిండి దగ్గర ఊరికి దగ్గరయ్యే అవకాశం అన్నిటికంటే ఎక్కువ. పొద్దున్నే ఇంటి వెనక వంటశాలలో ఇల్లాలు హునిగొండి మీద కూర్చుంటుంది. హునిగొండి అంటే కొబ్బరి కోరే పీట. లేత ఎండలో కోరు తెల్లగా రాలుతుంది. వేరే గిన్నెలో సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఘాటైన గుండ్రటి మిరపకాయ, ఉప్పు, నిమ్మరసం కలిపి వేళ్లతో బాగా నలుపుతుంది. ఉల్లిపాయ నీరు వదిలాక పొగబెట్టిన ట్యూనా ముక్కలు విరిచి వేసి, చివరికి కొబ్బరి కలుపుతుంది. దీనిని మస్ హుని అంటారు. పలుచటి రోషి రొట్టెతో, చక్కెర ఎక్కువ వేసిన నల్లటి టీతో తింటారు. అతిథిగృహం ఫలహారంగా టోస్టు, సాసేజి పెడితే మర్యాదగా కాదని మస్ హుని అడగండి. దిగుమతి అయిన రొట్టె డబ్బు ఓడకు పోతుంది. ట్యూనా డబ్బు ఆ ఊరి పడవకు వస్తుంది, పైగా అది గాలంతో ఒక్కొక్కటిగా పట్టిన చేప. శాకాహారులైతే ముందే రాయండి. పప్పు, గుమ్మడికాయ కూర, అన్నం, రోషి ఏ ఇంట్లోనైనా చేసిపెడతారు. కానీ కూరగాయలు మాలే నుంచి సరుకుల పడవలో రావాలి, కనుక ఆ రోజుకారోజు అడిగితే ఇబ్బంది పడేది వాళ్లే.

నియమాల విషయంలో అస్పష్టత పనికిరాదు. ఊరి దీవుల్లో మద్యం నిషిద్ధం. దేశంలోకి తీసుకురావడం కూడా నిషిద్ధమే, పంది మాంసానికీ ఇదే వర్తిస్తుంది. పూజ కోసం ఉద్దేశించిన విగ్రహాలను కస్టమ్స్ అధికారులు విమానాశ్రయంలోనే ఆపుతారు, కాబట్టి ప్రయాణపు సంచిలో చిన్న ప్రతిమ పెట్టుకునే అలవాటున్నవారు ఇంటి వద్దే ఉంచి రావాలి. ఈత దుస్తులకు ప్రతి పర్యాటక దీవిలో ప్రత్యేకంగా గుర్తించిన బీచి ఉంటుంది. అక్కడ తప్ప మిగతా తీరంలో, వీధిలో భుజాలు, తొడలు కప్పే దుస్తులుండాలి. ఇది బోర్డు మీది మాట మాత్రమే కాదు. నా తరగతిలోని ఆడపిల్లలు బడికి వచ్చే దారిలో అర్ధనగ్నంగా నడిచే అతిథులు ఎదురైతే, ఆ సాయంత్రం తల్లులు అతిథిగృహం యజమాని ఇంటికి వెళ్లి నిలదీయడం చూశాను. తడి బట్టలతో బీచి నుంచి గదికి నడిచే ఆ రెండు వందల గజాల్లో ఒక లుంగీ చుట్టుకుంటే చాలు. శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన వేళ దుకాణాలు మూస్తారు. రంజాన్ నెలలో పగటిపూట ఊరి హోటళ్లు మూతపడతాయి, అతిథిగృహంలో మాత్రం మీకు భోజనం పెడతారు.

మంచినీటి గురించి ఎవరూ చెప్పరు, అందుకని చెబుతున్నాను. ఈ దీవులు సముద్ర మట్టానికి సగటున మీటరున్నర ఎత్తులో ఉంటాయి. ఇసుక కింద వాననీరు పలుచని పొరగా ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఎక్కువ తోడితే ఆ పొర కిందినుంచి ఉప్పు పైకి వస్తుంది. అందుకే చాలా దీవుల్లో ఇప్పుడు సముద్రపు నీటిని డీజిల్ కరెంటుతో శుద్ధి చేసి ఇస్తున్నారు. మీ స్నానానికీ, మీ ఏసీకీ వెనక డీజిల్ పీపాలు మోసుకొచ్చిన ఓడ ఉంది. ప్రతి రోజూ తువ్వాళ్లు మార్చనవసరం లేదని మొదటి రోజే చెప్పండి. సీసా ఒకటి తెచ్చుకుని నింపుకోండి. దీవిలో పారేసిన ప్లాస్టిక్‌కు పోయే చోటు లేదు, కాల్చాలి లేదా పడవలో ఎక్కించాలి.

సముద్రంలోకి వెళ్లేటప్పుడు ధర కంటే పద్ధతి చూసి పడవను ఎంచుకోండి. తిమింగల సొరచేప కనిపించగానే పది పడవలు చుట్టుముట్టి, నలభై మంది ఒకేసారి దూకడం నేను చూశాను. ఆ చేప లోతుకు పోయింది, ఎవరూ సరిగా చూడలేదు. మంచి పడవవాడు దూరంగా ఇంజను ఆపి, నలుగురిని మాత్రమే దించి, తాకవద్దని, ముందుకు అడ్డం పోవద్దని చెబుతాడు. హనిఫారులో స్కూబా డైవింగు నిషిద్ధం, నోట గొట్టం పెట్టుకుని నీటిపైన ఈదే స్నార్కెలింగు మాత్రమే, అదీ రుసుము కట్టి గైడుతో కలిసి వెళ్లాలి. కొన్ని దీవుల్లో తీరానికి వచ్చే టెకు (స్టింగ్‌రే) చేపలకు చేప ముక్కలు తినిపించి ఫొటోలు తీయిస్తారు. పిల్లలు ముచ్చటపడినా దీనిని ప్రోత్సహించవద్దని నా మనవి. అలవాటుపడిన టెకు చేతికోసం వస్తుంది, దాని తోకలో ముల్లు ఉంటుంది. పగడాల మీద నిలబడటం అసలు వద్దు. 1998లో, 2016లో వేడెక్కిన నీటికి తెల్లబారి చచ్చిన దిబ్బలు కోలుకునే ప్రయత్నంలో ఉన్నాయి, ఒక పాదం మోపితే ఏళ్ల పెరుగుదల విరిగిపోతుంది. దిబ్బల మధ్య కాలువల్లో ప్రవాహం బలంగా ఉంటుంది, ఎంత ఈత వచ్చినా ఊరివారిని అడగకుండా ఒంటరిగా దిగవద్దు.

ఊరికి మేలు జరుగుతుందా అన్న మీ మూడో ప్రశ్నకు నిజాయితీగా చెప్పాలంటే, అది మీరు ఎంచుకున్న గదిని బట్టి ఉంటుంది. అతిథిగృహాలన్నీ ఊరివాళ్లవి కావు. కొన్నిటి స్థలం మాత్రమే ఊరి కుటుంబానిది, నడిపేది రాజధానిలోనో విదేశంలోనో ఉండే పెట్టుబడిదారు, పనిచేసేవారు బంగ్లాదేశ్ నుంచి, మన దేశం నుంచి వచ్చినవారు. ఆ పనివాళ్లు కూడా మనుషులే, వాళ్లకు మర్యాద, చేతికి నేరుగా ఇచ్చే టిప్పు దక్కాలి. కానీ ఊరికి మేలు కావాలంటే ఇంటివాళ్లే నడిపే ఇల్లు వెతకాలి. మా దీవిలో ఒక విద్యార్థి తండ్రి తన పడకగది ఖాళీ చేసి తొలి అతిథిని ఉంచాడు. ఆ ఏడాది చివరికి ఆయన భార్య సాయంత్రాల్లో హెడికా అనే చిరుతిళ్లు చేసి అమ్మడం మొదలుపెట్టింది. పక్కింటి యువకుడు రిసార్టు ఉద్యోగం వదిలి, ఊళ్లోనే గైడుగా కుదిరాడు. అంతకుముందు ఏడాదికి ఒక నెల మాత్రమే ఇంటికి వచ్చే ఆ యువకుడు ప్రతి సాయంత్రం బడి మైదానంలో ఫుట్‌బాల్ ఆడటం కనిపించింది. అదే సమయంలో ఇసుకదిబ్బ పక్కన ఆడవాళ్లు సాయంత్రం స్నానానికి దిగే చోటు పర్యాటకుల బీచిగా మారి, వాళ్లు దీవి అవతలి వైపుకు వెళ్లాల్సి వచ్చింది. రెండూ చూశాను కనుక రెండూ చెబుతున్నాను.

డబ్బు పంపే ముందు యజమానికి ఒక సందేశం రాసి నాలుగు సంగతులు అడగండి. మీరు ఆ దీవిలోనే ఉంటారా, వంట ఎవరు చేస్తారు, మేము వచ్చే రోజు ప్రభుత్వ ఫెర్రీ ఉందా, అన్ని పన్నులతో మొత్తం ఎంత. ఇంటివాళ్లు నడిపే చోటైతే జవాబు కాస్త ఆలస్యంగా, వచ్చీరాని ఇంగ్లీషులో వస్తుంది, ఫెర్రీ వేళలు మాత్రం నిమిషాలతో సహా ఉంటాయి, ఎందుకంటే వాళ్ల పిల్లలు ఆసుపత్రికి, పరీక్షలకు వెళ్లేది ఆ పడవలోనే. ఫెర్రీ ఊసెత్తకుండా స్పీడ్‌బోటు ధర ఒక్కటే పంపితే ఇంకో ఇల్లు చూసుకోండి.